మిరియాల వాసనొచ్చే వైను, మన యాటకూర

ఇంటర్నెట్‌లో ఏ మూల వెతికినా ఒకటే సలహా కనపడుతుంది. ఇండియన్ ఫుడ్ కారంగా ఉంటుంది కాబట్టి దాంతో కొంచెం తియ్యగా ఉండే వైట్ వైన్ తాగండి, రెడ్ జోలికి పోవద్దు అని. రాసినవాళ్ళను తప్పు పట్టను, వాళ్ళు తిన్న ఇండియన్ ఫుడ్ వేరు. కానీ దసరా నాడు హనుమకొండలో బగారన్నం, యాటకూర ముందు పెట్టుకొని కూర్చున్న మనిషికి తియ్యటి వైట్ వైన్ పోసి చూడండి, మర్యాదకు ఒక గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపి, ఫ్రిజ్‌లో బీరుందా అని అడుగుతాడు. మాంసం పక్కన తీపి మనకు సయించదు. నా మటుకు నాకు మన మాంసం వంటలతో బాగా కుదిరేది ఎర్ర వైనే, అందులోనూ షిరాజ్. అన్నిటితో కాదు, కొన్ని కూరలతో అస్సలు కుదరదు, అదీ చెప్తాను.

షిరాజ్ అంటే ద్రాక్ష రకం పేరు, కంపెనీ పేరు కాదు. సీసా మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ద్రాక్ష పేరు దాని కింద ఎక్కడో ఉంటుంది, చూడాల్సింది ఆ రెండోదే. మనం తినే ద్రాక్ష, అంటే ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ తోటలకు తోటలు పెంచిన అనాబ్-ఎ-షాహీ, ఇప్పుడు బండ్ల మీద అమ్మే థాంప్సన్ సీడ్‌లెస్, ఇవన్నీ పెద్ద కాయ, పలచటి తొక్క, నోటి నిండా నీళ్ళు. షిరాజ్ కాయ చిన్నది, నల్లగా ఉంటుంది, తొక్క మందం, లోపల గింజలుంటాయి, పళ్ళెంలో పెడితే పిల్లలు ముట్టరు. కానీ వైనుకు కావాల్సిన రంగు, వగరు, వాసన చాలావరకు ఆ తొక్కలోనే ఉంటాయి. నల్ల ద్రాక్షను పిండినా లోపలి రసం దాదాపు తెల్లగానే వస్తుంది, ఆ రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి ఎరుపు దిగుతుంది. కంపెనీ వాళ్ళు ఏదో రంగు కలుపుతారని మా గల్లీలో గట్టిగా నమ్మేవాళ్ళున్నారు, వాళ్ళ కోసం ఈ మాట.

రుచి ఎలా ఉంటుందంటే, బాగా పండిన నేరేడు పండు తిన్నాక నాలుక ఊదాగా మారి, బుగ్గల లోపల గరుకుగా పట్టేసినట్టు ఉంటుంది చూడండి, దాదాపు అదే. నేరేడులో ఉన్నట్టే ఇందులోనూ టానిన్లు ఉంటాయి, అవి మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకొని ముద్ద కట్టిస్తాయి, దాంతో నోట్లో జారుడు పోయి ఎండినట్టు అనిపిస్తుంది. మొదటిసారి రెడ్ వైన్ తాగినవాళ్ళు ముఖం చిట్లించేది దీనికే. మా బావ మొదటి గుక్కకు అన్న మాట, "ఏంది బామ్మర్దీ, గింత వగరుగున్నది, పాడైందా ఏంది?" పాడు కాలేదు. ఒక నల్లి బొక్క తీసి చేతిలో పెట్టి, ఇది చప్పరించి మళ్ళొకసారి తాగు బావా అన్నాను. రెండో గుక్కకు వగరు సగమైంది. టానిన్‌కు పట్టుకోవడానికి మాంసంలోని ప్రోటీన్, కొవ్వు దొరికితే మన నాలుకను వదిలేస్తుంది, కూరలో ఉప్పు కూడా ఆ వగరును మెత్తబరుస్తుంది. ఉత్తగా టీవీ ముందు కూర్చొని రెడ్ వైన్ తాగి బాగాలేదనే వాళ్ళతో నాకు పేచీ అక్కడే, అది అన్నంతో పాటు తాగేది, అన్నానికి ముందు తాగేది కాదు.

ఇరాన్‌లో షిరాజ్ అనే ఊరుంది కదా, ఈ ద్రాక్ష అక్కణ్ణుంచే వచ్చిందని చాలా కాలం కథ నడిచింది. 1224లో యుద్ధాల నుంచి తిరిగొచ్చిన గాస్పార్ ద స్టెరింబెర్గ్ అనే ఫ్రెంచి వీరుడు కత్తి పక్కన పడేసి, రోన్ నది పక్కన ఒక గుట్ట మీద చిన్న గుడి కట్టుకొని సన్యాసిలా బతికాడని, ఈ తీగను తెచ్చి నాటింది ఆయనేనని చెప్పుకుంటారు. గుట్ట ఇప్పటికీ ఉంది, గుడీ ఉంది, గుట్ట పేరు ఎర్మిటాజ్. కథ మాత్రం నిలబడలేదు. 1998లో కాలిఫోర్నియా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఈ ద్రాక్ష తల్లిదండ్రులు ఇద్దరూ ఫ్రాన్స్ వాళ్ళే అని తేలింది, ఒకటి ద్యురెజా, ఇంకొకటి మాందూజ్ బ్లాంష్. రెండూ ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని రకాలే, అందులో ఒకటి తెల్ల ద్రాక్ష. ఇంత నల్లటి బిడ్డకు తెల్ల ద్రాక్ష కన్నవాళ్ళలో ఒకటి కావడం నాకు భలే నచ్చిన సంగతి.

ఫ్రాన్స్‌లో దీన్ని సిరా అంటారు. ఎర్మిటాజ్ గుట్ట మొత్తం తోట 350 ఎకరాలు మించదు, మన దగ్గర ఒక పెద్ద చెరువు శిఖం భూమి అంత కూడా ఉండదేమో, కానీ ప్రపంచంలో సిరా పండించే ఎవరైనా ఆ గుట్ట వైపు ఒకసారి తలెత్తి చూడాల్సిందే. దక్షిణం వైపు తిరిగిన రాతి గుట్ట, పడమటి వైపంతా గ్రానైట్, పొద్దంతా ఎండ పడుతుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బోర్డో వ్యాపారులు తమ వైన్ పలచగా వచ్చిన ఏడాది ఇక్కడి వైన్ తెప్పించి కలిపేవాళ్ళు, అదేమీ చాటుమాటు వ్యవహారం కాదు, అలా కలిపిందానికి ఎక్కువ ధర పలికేది. 1832లో జేమ్స్ బస్బీ అనే ఆయన స్పెయిన్, ఫ్రాన్స్ తిరిగి వందల రకాల ద్రాక్ష కొమ్మలు పోగేసి ఆస్ట్రేలియా పంపాడు, వాటిలో ఇదీ ఒకటి. అక్కడికి పోయాక పేరు షిరాజ్‌గా స్థిరపడింది. ఆ తర్వాత ఐరోపా ద్రాక్ష తోటల్ని చాలావరకు ఫిలాక్సెరా అనే వేరు పురుగు తినేసింది, దక్షిణ ఆస్ట్రేలియాకు మాత్రం ఆ పురుగు ఇప్పటికీ చేరలేదు, అందుకే అక్కడి బరోసా లోయలో 1843లో నాటిన షిరాజ్ తీగలు ఈనాటికీ కాస్తున్నాయి.

ఆస్ట్రేలియా మాటొచ్చింది కాబట్టి మాక్స్ షూబర్ట్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పెన్‌ఫోల్డ్స్ కంపెనీలో వైన్ తయారుచేసే ఉద్యోగి ఆయన. ఫ్రాన్స్ పోయి, బోర్డోలో ఏళ్ళ తరబడి దాచి తాగే వైన్లు చూసొచ్చి, అలాంటిది మన షిరాజ్‌తో ఎందుకు చేయకూడదని 1951లో మొదలుపెట్టాడు, దాని పేరు గ్రాంజ్. తాగిన పెద్దమనుషులకు నచ్చలేదు. 1957లో ఇక ఆపెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఆయన సరేనన్నట్టే ఉండి, మూడేళ్ళ పాటు ఎవరికీ చెప్పకుండా నేలమాళిగలో చేస్తూనే పోయాడు. ఈలోపు మొదటి సీసాలు ముదిరి రుచి తేలాయి, 1960లో మళ్ళీ చెయ్యమని వాళ్ళే చెప్పారు. ఇప్పుడు ఆస్ట్రేలియా మొత్తంలో పేరున్న వైన్ అంటే ముందు చెప్పేది గ్రాంజే. నేను తాగలేదు, తాగే స్తోమతా లేదు, కానీ పై ఆఫీసర్ ఆపమంటే తలూపి పని ఆపకుండా కానిచ్చిన ఉద్యోగి కథ ఏ ఆఫీసులో పనిచేసేవాడికైనా కడుపు నింపుతుంది.

ఇక అసలు సంగతి, మిరియాలు. షిరాజ్ గురించి రాసే ప్రతివాడూ మిరియాల వాసన వస్తుందంటాడు. నేను మొదట్లో వీళ్ళు కవిత్వం చెప్తున్నారనుకునేవాణ్ణి, చాక్లెట్ వాసన, తోలు వాసన, పొగాకు వాసన అని రాస్తుంటారు కదా, అదే బాపతు అని. కాదు. 2008లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ వాళ్ళు షిరాజ్‌లో ఆ వాసన ఇచ్చే పదార్థాన్ని పట్టుకున్నారు, దాని పేరు రొటండోన్. మన మిరియాలకు మిరియాల వాసన ఇచ్చేది కూడా అదే. పోలిక కాదు, అచ్చంగా అదే అణువు, ద్రాక్ష తొక్కలో తయారవుతుంది. లీటరు వైన్‌లో గ్రాములో వంద కోట్లో వంతులు ఒక పదహారు ఉంటే చాలు, మనిషి ముక్కుకు తెలిసిపోతుంది. ఇంకో తమాషా ఏంటంటే, వాళ్ళ పరీక్షలో దాదాపు ఐదుగురిలో ఒకరికి అది ఎంత పోసినా వాసన తెలియలేదు.

మా ఇంట్లో ఆ ఐదో మనిషి మా బావ. గ్లాసు తిప్పి తిప్పి వాసన చూసి, ద్రాక్షపండు వాసనే వస్తుంది, మిర్యాలు లేవు గిర్యాలు లేవు, నువ్వు ఊహించుకుంటున్నవ్ అన్నాడు. మా అమ్మ జన్మలో మందు ముట్టని మనిషి, పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతుంది, ఏందిరా మీ లొల్లి అని గ్లాసు లాక్కొని ముక్కు దగ్గర పెట్టుకొని, "గిదేందిరా, మిర్యాల చారు లెక్క వాసనొస్తుంది" అని మళ్ళీ నా చేతికిచ్చేసింది. కావాలంటే మీరూ చేసి చూడండి. రెండు మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఒక గిన్నెలో పెట్టుకొని, ఒకసారి అదీ, ఒకసారి గ్లాసూ వాసన చూస్తే తెలుస్తుంది. చల్లటి ప్రాంతంలో పండిన షిరాజ్‌లో ఈ ఘాటు ఎక్కువ, వేడి ప్రాంతంలో పండినదాంట్లో తక్కువగా ఉండి పండు రుచి ముందుకొస్తుంది.

మన దేశంలో షిరాజ్ ఎక్కువగా నాసిక్ దగ్గర పండుతుంది. అక్కడ త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టిన గోదావరి మీద గంగాపూర్ డ్యామ్ ఉంది, దాని చుట్టుపక్కలే పెద్ద పెద్ద వైన్ తోటలు. అదే నది బాసర, ధర్మపురి, కాళేశ్వరం దాటి మన ఏటూరునాగారం వైపు వస్తుంది, దేవాదుల పంపుల మీంచి ధర్మసాగర్ చెరువుకూ ఎక్కుతుంది. ఇలా ఆలోచిస్తే ఫ్రాన్స్ వైన్ కన్నా నాసిక్ వైన్ మీద నాకు కొంచెం పక్షపాతం ఉన్న మాట నిజం. నాసిక్ సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలికాలం రాత్రులు బాగా చల్లబడతాయి, కాయ పక్వానికొచ్చేది ఆ రోజుల్లోనే.

ఫ్రాన్స్‌లో చలికాలం తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురించి సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో కోతకు వస్తుంది. మన దగ్గర తీగకు నిద్ర లేదు, ఊరుకుంటే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోసారి. ఆ రెండో కత్తిరింపుకు వచ్చిన చిగుళ్ళే కాయ కాస్తాయి, జనవరి నుంచి మార్చి లోపు కోసేస్తారు. కాయ మీద వానపడితే తెగులు, ఎండ ముదిరితే ద్రాక్షలో పులుపు పడిపోయి చక్కెర పెరిగిపోతుంది, ఆ మధ్యలో దొరికే చలికాలపు గడువులోనే అంతా కానివ్వాలి. అందుకే నాసిక్ షిరాజ్‌లో నేరేడు లాంటి పండు రుచి, కొంచెం మసాలా, అంతే ఉంటుంది, ఎర్మిటాజ్ లాంటి గంభీరం వెతకొద్దు. సులా అనే నాసిక్ కంపెనీ వాళ్ళ దిండోరి రిజర్వ్ షిరాజ్ ఓక్ చెక్క పీపాల్లో కొన్నాళ్ళు ఉంచింది, అందుకే కొంచెం పొగ, వెనిల్లా వాసన కూడా తగులుతుంది. బెంగళూరు పక్కన నంది కొండల గ్రోవర్ వాళ్ళ లా రిజర్వ్ కూడా బాగుంటుంది, అది కాబెర్నే సొవిన్యోఁ అనే ఇంకో నల్ల ద్రాక్ష, షిరాజ్ కలిపింది, వగరు ఇంకాస్త ఎక్కువ. ధర చెప్పను, ఎక్సైజ్ పన్ను రాష్ట్రానికో రకం, ఈ రోజు రాసింది రేపటికి తప్పవుతుంది.

ఇప్పుడు కారం సంగతి. రెడ్ వైన్‌కు మసాలాతో గొడవ లేదు, మిరపకారంతోనే గొడవ. ఈ రెండిటినీ కలిపి స్పైసీ అని ఒకే గాట కట్టేయడం వల్లే ఆ తీపి వైట్ వైన్ సలహా పుట్టింది. ధనియాలు, లవంగం, చెక్క, యాలకులు, మిరియాలు, షాజీరా, ఇవన్నీ షిరాజ్‌కు చుట్టాలే. మిరపకాయలో ఉన్న క్యాప్సైసిన్ మాత్రం నాలుక మీద వేడిని పసిగట్టే రిసెప్టర్‌ను తట్టి లేపుతుంది, నిజంగా కాలకపోయినా కాలినట్టు అనిపించేది అందుకే. ఆ రిసెప్టర్‌ను పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. ఆల్కహాల్ ఏం చేస్తుందంటే, అదే రిసెప్టర్‌ను ఇంకా సున్నితం చేస్తుంది, మామూలుగా ఊరుకోవాల్సిన వేడికి కూడా అది అరవడం మొదలుపెడుతుంది. పైగా టానిన్ వగరు. మూడూ కలిస్తే నోరు భగ్గుమంటుంది, వైన్ రుచి తెలియదు, కూర రుచీ తెలియదు. తేజ మిర్చి దండిగా దంచి వేసిన కూరతో 14 శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్ తాగడమంటే కోరి తెచ్చుకున్న బాధ.

దీనికి మందు మన ఊళ్ళోనే ఉంది. వరంగల్ చపాటా మిర్చి. పొట్టిగా లావుగా ఉంటుంది, టమాటా మిర్చి అని కూడా అంటారు, రంగు చూస్తే నెత్తురు లెక్క ఎరుపు, కారం మాత్రం తక్కువ. రంగు కోసమే దీన్ని ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొంటారు, 2025లో ఫలానా ప్రాంతపు సరుకని గుర్తించే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే సీజన్లో అటువైపు పోతే తుమ్ములు ఆగవు కానీ, తెలిసినవాళ్ళ ద్వారా ఓ రెండు కిలోల చపాటా తెచ్చుకొని ఎండబెట్టి పట్టించుకుంటే ఏడాదంతా వస్తుంది. కూర ఎర్రగా, చూడగానే నోరూరేలా ఉంటుంది, నాలుక కాలదు. ఘాటు కావాలంటే మిరియాలతో తెచ్చుకోవాలి, అదే వైన్‌కు కావాల్సింది.

వైన్ తెరిచే రోజు మా ఇంట్లో యాటకూర ఇలా వండుతాం. ముక్క కొంచెం కొవ్వున్నదే తేవాలి, తొడ, చాప్స్, నాలుగు నల్లి బొక్కలు. మరీ లేత మాంసం వద్దు. పసుపు, ఉప్పు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, కొద్దిగా పెరుగు పట్టించి గంట పక్కన పెట్టాలి. ఉల్లిగడ్డను నూనెలో తొందరపడకుండా బాగా వేగనివ్వాలి, అంచులు ఎర్రబడి తియ్యటి వాసన మొదలయ్యే దాకా, ఇక్కడ తొందరపడితే కూర మొత్తం పచ్చిగా ఉంటుంది. మాంసం వేసి మూతపెట్టి దాని నీళ్ళు దాంట్లోనే ఇగిరిపోయే దాకా ఉంచి, అప్పుడు చపాటా కారం, ధనియాల పొడి వేసి కలిపి, నీళ్ళు పోసి ఉడికించాలి. చివర్లో వేయించిన గసగసాలు, కుడుక కలిపి నూరిన ముద్ద. ఇగురు దగ్గరికొచ్చి నూనె అంచుల్లో తేలుతున్నప్పుడు అప్పటికప్పుడు దంచిన మిరియాలు ఒక చెంచాడు వేసి, రెండు నిమిషాలు మూతపెట్టి దింపెయ్యాలి. మిరియాలు ముందే వేస్తే కారం మిగులుతుంది కానీ వాసన ఆవిరితో పోతుంది. మూత తీసినప్పుడు గదంతా వచ్చే వాసన, గ్లాసులోంచి వచ్చే వాసన ఒకదానికొకటి అందుకుంటాయి. కుడుక, గసగసాల కమ్మదనం వైన్ వగరును మింగేస్తుంది. జొన్న రొట్టెతో తింటే ఇంకా బాగుంటుంది, బగారన్నం అయితే మసాలా పక్కన మసాలా, అదీ బాగానే ఉంటుంది.

టమాటా కొద్దిగా వేస్తే ఫరవాలేదు, చింతపండు వేశారో, ఆ రోజు సీసా తెరవకండి. ఇందులో ఒక చిత్రముంది. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ యాసిడ్, చింతపండు పులుపూ అదే. ఒకే పులుపు కదా కలిసిపోవాలి అనుకుంటాం. కానీ కూరలో పులుపు గ్లాసులో పులుపు కన్నా ఎక్కువైతే వైన్ చప్పబడి, నీళ్ళు కలిపినట్టు, వగరు మాత్రమే మిగిలినట్టు తయారవుతుంది. పచ్చిపులుసు, పుంటికూర మటన్, చింతచిగురు మటన్, ఇవన్నీ నాకు ప్రాణం, వీటిలో ఏదీ షిరాజ్ పక్కకు రాదు. పుంటికూర మటన్ ఉన్న రోజు మజ్జిగ తాగి పడుకోవడం ఉత్తమం.

చేపల పులుసు అయితే రెండు రకాలుగా చెడ్డది. పులుపు ఒకటి, రెండోది నీచు. రెడ్ వైన్‌తో చేప తింటే నోట్లో నీచు వాసన నిలబడిపోతుందని చాలామందికి అనుభవం, దానికి కారణం వైన్‌లో ఉండే ఐరన్ అని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఐరన్ ఎక్కువున్న వైన్ తగిలితే చేప కొవ్వు అక్కడికక్కడే విరిగి ఆ వాసన పుట్టిస్తుంది. కొర్రమీను వేపుడు చేసినా సరే, దానికి చల్లటి బీరో, ఉట్టి నీళ్ళో.

బోటి, కార్జం, తలకాయ, వీటికి మన దగ్గర జోడీ ఎప్పుడో కుదిరిపోయింది, కల్లు. ఈత కల్లు కాస్త తియ్యగా, బుడగలతో, 4, 5 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది, నూనెలో వేగిన బోటిని కడిగేసినట్టు దించేస్తుంది. తాటిచెట్ల కింద కూర్చున్నవాడి చేతికి షిరాజ్ సీసా ఇచ్చి మార్చమని నేను చెప్పను. కార్జం వేపుడు ఒక్కటి మాత్రం షిరాజ్‌తో తిని చూడండి, మిరియాల వేపుడు, ఉల్లిగడ్డ ఎక్కువ, కారం తక్కువ. కార్జంలో ఉండే ఆ కొంచెం చేదు, నెత్తురు రుచి ఈ వైన్‌కు అతికినట్టు ఉంటుంది. పాయా కుదరదు, సూప్‌లాంటిదేదీ వైన్‌తో బాగుండదు, నోట్లో నీళ్ళ మీద నీళ్ళు పోసినట్టుంటుంది. కీమా బాగుంటుంది. బొగ్గుల మీద కాల్చిన సీకులైతే ఇక చెప్పక్కర్లేదు, మాడిన అంచుల చేదుకు, పొగకు షిరాజ్ పుట్టిందే.

మాంసం తినని వాళ్ళు అడుగుతారు కాబట్టి, గుత్తి వంకాయలో పల్లీ, నువ్వులు, కుడుక ఉంటాయి, చింతపండు మానేసి వండగలిగితే ఇది బాగా కుదురుతుంది. వానాకాలం పుట్టగొడుగులు దొరికినప్పుడు మిరియాలతో వేయించి తింటే మటన్‌కు తక్కువేం కాదు. సర్వపిండితో కూడా తాగి చూశాను, అడుగు మాడిన చోట, నువ్వులు, పల్లీలు తగిలిన చోట బాగుంది, పచ్చిమిర్చి తగిలిన చోట బాగాలేదు. సకినాలు వద్దు, అవి చాయ్‌వి.

ఇదంతా సరే, మన దగ్గర అసలు శత్రువు వేరే, ఎండ. షాపుల్లో విస్కీ, బీరు అమ్ముడుపోయినంత వేగంగా వైన్ పోదు. దాంతో అది పై అరలో, ట్యూబులైటు పక్కన, నెలల తరబడి నిలబడే ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది, షట్టరు మూసిన షాపు లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. విస్కీకి ఏం కాదు, అందులో 42.8 శాతం ఆల్కహాల్, వైన్ మాత్రం వేడికి ఉడికిపోతుంది, పండు రుచి పోయి ఎండు ఖర్జూరం, మాడిన జామ్ వాసన వస్తుంది. ఒక షాపులో అలాంటిదే కొన్నాను, కార్క్ సీసా మూతి కన్నా పైకి పొడుచుకొచ్చి, లేబుల్ మీదికి కారిన మరక ఉంది. తీసుకెళ్ళి చూపిస్తే, కౌంటర్లో ఆయన "వైన్ ఎంత పాతదైతే అంత మంచిది సార్" అని నాకే పాఠం చెప్పాడు. అందరూ వల్లించే ఈ మాట చాలా వైన్ల విషయంలో అబద్ధం, మనకు దొరికే షిరాజ్‌లలో ఎక్కువ భాగం నాలుగైదేళ్ళ లోపు తాగెయ్యాల్సినవే. అందుకని లేబుల్ మీద సంవత్సరం చూసి కొత్తదే తీసుకోండి, అట్టపెట్టె లోపల ఉన్న సీసా అడగండి, వీలైతే చలికాలంలో కొనండి. స్క్రూ మూత ఉంటే చవకరకం అనుకోవద్దు, ఆస్ట్రేలియా వాళ్ళు మంచి వైన్లకు కూడా అదే పెడతారు.

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అనే ఇంకో మాట ఉంది. ఆ రూము మన రూము కాదు. హీటర్లు రాని కాలంలో ఐరోపా రాతి ఇళ్ళలో ఉండే చల్లదనం అది, 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో ఫ్యాను కింద 32 డిగ్రీల్లో ఉన్న షిరాజ్ తాగితే ముందు ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది, గొంతులో మండుతుంది. సీసాను ఫ్రిజ్‌లో ముప్పావుగంట పెట్టి తీయండి, ఎండాకాలమైతే గంటన్నర. చేతికి చల్లగా తగలాలి, చెమట పట్టేంత చల్లగా కాదు. ఐసుముక్కలు వెయ్యొద్దని నేనంటాను, మా బావ వేస్తాడు, ఆయనిష్టం.

గ్లాసుల గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, అడుగున వెడల్పుగా, మూతి దగ్గర కాస్త ముడుచుకున్న గాజు గ్లాసు ఏదైనా చాలు, మూడో వంతు వరకే పోయాలి, పైన ఖాళీలో వాసన నిలబడుతుంది. స్టీలు గ్లాసు మాత్రం వద్దు. 750 మిల్లీలీటర్ల సీసా నలుగురైదుగురికి తలా ఒక గ్లాసు వస్తుంది, దావత్‌లో ఒక్కడే కూర్చొని ఖాళీ చేసేది కాదు. గుండెకు మంచిదట కదా అని చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నమ్మకండి, ఆల్కహాల్‌లో ఇంత తాగితే ఏం కాదు అనే సురక్షితమైన కొలత లేదని 2023లో డబ్ల్యూహెచ్ఓ చెప్పేసింది. రుచి కోసం తాగితే తాగండి, ఔషధంలా తాగొద్దు.

సీసాలో మిగిలిపోతే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మూడు రోజుల వరకు ఢోకా లేదు, రెండో రోజు ఒక్కోసారి ఇంకా మెత్తబడుతుంది కూడా. తర్వాత పులిసి సిర్కా దారి పడుతుంది. మిగిలింది కూరలో పోసెయ్యొచ్చా అని మా అక్క అడిగింది. ఫ్రాన్స్ వాళ్ళు మాంసాన్ని వైన్‌లోనే ఉడికిస్తారు, వాళ్ళ వంటలో ఉండేది ఉల్లిగడ్డ, ఆకులు, కొంచెం ఉప్పు, కాబట్టి వైన్ రుచి తెలుస్తుంది. మన అల్లం ఎల్లిగడ్డ, గరం మసాలా మధ్య అది ఎక్కడ పోయిందో కూడా తెలియదు, రంగు మాత్రం నల్లబడుతుంది. గ్లాసులోనే ఉండనియ్యి అక్కా అన్నాను.